ఏరీస్‌కు 36, అథీనాకు 34

గ్రీకు పురాణాల దేవతలను ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరి బలమెంతో అంకెల్లో చూపించి, ఆ అంకెలతోనే గెలుపోటములు తేల్చే కార్డుల ఆట ఒకటి రెండు నెలల క్రితం కొన్నాను. పెట్టె విప్పిన సాయంత్రమే నా మేనల్లుడు పేక కలిపి పంచాడు. మొదటి పట్టులోనే అతని చేతిలోంచి యుద్ధదేవుడు ఏరీస్, నా చేతిలోంచి జ్ఞానానికీ యుద్ధవ్యూహానికీ దేవత అయిన అథీనా బల్ల మీదికి వచ్చారు. అతను "మొత్తం బలం" అని పిలిచాడు. ఏరీస్ కార్డు అడుగున ఎర్రటి వలయంలో 36 అని, అథీనా కార్డు మీద 34 అని ఉన్నాయి కనుక నియమం ప్రకారం నా కార్డు కూడా అతని కట్టలోకి వెళ్ళిపోయింది. ట్రాయ్ యుద్ధం గురించి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్ చదివిన వారికి ఆ కార్డు ఇచ్చేయడానికి చేయి రాదు. హోమర్ ఆ ఇద్దరినీ రెండుసార్లు ఒకే పోరులో నిలిపాడు, రెండుసార్లూ దెబ్బ తిన్నది ఏరీసే. ఆ సాయంత్రం మొదలైన అభ్యంతరాన్నే ఈ సమీక్షలో వివరంగా రాస్తున్నాను. అలాగని ఆట బాగా లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వారంలో మూడు నాలుగు సార్లు ఆడుతూనే ఉన్నాము.

ముందుగా ఆట ఎలా ఉంటుందో చెప్పాలి. పెట్టెలో 48 కార్డులు ఉండాలి. వాటిలో 40 దేవతలవి, వారికి ముందు తరం వారైన టైటన్లవి, రాక్షసాకారాలవి. మిగిలిన 8 "తోడు" కార్డులు. ప్రతి దేవత కార్డు మీదా బాహుబలం, ఆయుధం, యుక్తి, ఓర్మి అనే నాలుగు గళ్ళు, ఒక్కొక్క గడిలో 10కి ఇన్ని అని ఒక అంకె, అడుగున 40కి మొత్తం ఉంటాయి. వంతు వచ్చిన ఆటగాడు తన కార్డు చూసుకుని నాలుగింటిలో ఒక దానినో, మొత్తాన్నో పిలుస్తాడు. ఎవరి అంకె పెద్దదైతే వారు రెండు కార్డులూ తీసుకుంటారు. తోడు కార్డును ఒక దేవత పక్కన పెడితే దాని మీద రాసి ఉన్న అంకె ఆ దేవత బలానికి కలుస్తుంది. ఇద్దరు ఆడితే ఒక ఆట ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. నలుగురు ఆడవచ్చని పెట్టె మీద రాశారు గాని, నలుగురు కూర్చుంటే తలా పది కార్డులే వచ్చి, ఒకరిద్దరు మూడు నిమిషాల్లోనే చేతులు దులుపుకుని చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

ఇక ఏరీస్ సంగతి. అతనికి బాహుబలం 10, ఆయుధం 9, యుక్తి 7, ఓర్మి 10 ఇచ్చారు. యుద్ధదేవుడు కాబట్టి యుద్ధంలో అందరికంటే బలవంతుడై ఉంటాడన్న లెక్క ఈ అంకెల వెనుక కనిపిస్తుంది. గ్రీకు కథలు ఆ లెక్కను ఎక్కడికక్కడ తలకిందులు చేస్తాయి. ఇలియడ్ ఐదవ సర్గలో డయోమిడీస్ అనే మానవ వీరుడు, అథీనా తన రథంలో పక్కనే నిలబడి ఉండగా, ఏరీస్ మీదికి వెళతాడు. ఏరీస్ కంటికి కనబడకుండా ఉండటానికి ఆమె పాతాళరాజు హేడీస్ శిరస్త్రాణం ధరించి ఉంటుంది. ఏరీస్ విసిరిన ఈటెను ఆమె చేత్తో పక్కకు తోసేస్తుంది. డయోమిడీస్ ఈటెను తానే బలంగా నెట్టి ఏరీస్ పొత్తికడుపులో దించుతుంది. అతడు తొమ్మిదివేల మందో పదివేల మందో ఒక్కసారిగా అరిచినట్లు అరిచి, దేవతలుండే ఒలింపస్ పర్వతానికి పరుగెత్తి, దేవతల రాజైన తండ్రి జ్యూస్ ముందు తన రక్తం చూపించి ఫిర్యాదు చేస్తాడు. జ్యూస్ ఓదార్చడు. ఒలింపస్ మీద ఉన్న దేవతలందరిలో నువ్వంటేనే నాకు ఎక్కువ అసహ్యం అని ముఖం మీదే చెప్పి, కన్న కొడుకు కనుక బాధ చూడలేక వైద్యుడికి అప్పగిస్తాడు. ఓర్మి గడిలో 10 అచ్చువేసిన వారు ఈ ఘట్టం చదివి ఉంటారని నేననుకోను.

రెండవ సందర్భం ఇరవై ఒకటవ సర్గలో వస్తుంది. ఈసారి మధ్యలో మనుషులెవరూ లేరు, దేవతలే నేరుగా తలపడతారు. ఏరీస్ ముందుగా వచ్చి అథీనా ధరించిన ఈజిస్ అనే రక్షణ మీద ఈటెతో పొడుస్తాడు. జ్యూస్ పిడుగుకు కూడా లొంగని రక్షణ అదని హోమర్ ఆ చోటే చెబుతాడు. అథీనా ఒక్క అడుగు వెనక్కి వేసి, పూర్వీకులు పొలానికి హద్దుగా పాతిన ఒక నల్లని గరుకు రాయిని లేపి అతని మెడ మీద కొడుతుంది. ఏరీస్ ఏడు ప్లెత్రాల మేర నేల మీద పరుచుకుని పడతాడు, జుట్టు దుమ్ముకొట్టుకుపోతుంది. తరువాతి కాలపు గ్రీకు కొలతలో ఒక ప్లెత్రాన్ అంటే 100 అడుగులు. అంత పెద్ద దేహాన్ని కూల్చినది దివ్యాయుధం కాదు, ఎవరో రైతు పొలంలోని హద్దురాయి. కార్డుల ఆటలో ఆయుధం గడి ఎంత అసంపూర్ణమో తెలియజేయడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. కొట్టే చేతికి తూకం తెలిస్తే ఆయుధం ఏదైనా ఒకటే.

ఈ రెండు ఓటములు చాలవన్నట్లు ఐదవ సర్గలోనే మరొక పాత కథ వినిపిస్తుంది. ఓటస్, ఎఫియాల్టీస్ అనే ఇద్దరు అన్నదమ్ములు ఏరీస్‌ను గొలుసులతో కట్టి కంచు జాడీలో పదమూడు నెలలు బంధించారు. వారి సవతి తల్లి దేవతల దూత హెర్మీస్‌కు కబురు చెప్పకపోతే అతడు అందులోనే అంతమై ఉండేవాడని అంటారు. క్రీ.శ. రెండవ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ స్పార్టాలో ఏరీస్ విగ్రహాన్ని సంకెళ్ళతో చూశాడు. యుద్ధదేవుడు తమను వదిలి పోకుండా స్పార్టా వారు అలా కట్టి ఉంచుకున్నారని అతని వివరణ. గ్రీకుల దృష్టిలో ఏరీస్ అంటే యుద్ధంలోని రక్తం, భయం, ఉన్మాదం. గెలుపు అతని సొత్తు కాదు. ఉన్మాదానికి బాహుబలం 10 ఇస్తే ఇవ్వవచ్చు, కాని యుక్తి 7 మాత్రం ఏ లెక్కన వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

అథీనాకు ఇచ్చిన 8, 9, 10, 7 అంకెల్లో నాకు పెద్దగా పేచీ లేదు. ఆమె బలాన్ని పెంచి చూపించాలని కూడా నేను అడగను. ఆమె బలానికి ఒక పైకప్పు ఉంది, ఆ కప్పు పేరు జ్యూస్. ఎనిమిదవ సర్గలో ఆజ్ఞ మీరి ఆమె, జ్యూస్ భార్య హీరా రథమెక్కి యుద్ధభూమికి బయలుదేరినప్పుడు జ్యూస్ దూతగా ఐరిస్‌ను పంపి, గుర్రాలను కుంటివి చేస్తాను, రథం ముక్కలు చేస్తాను, పిడుగు చేసే గాయాలు పదేళ్ళకు కూడా మానవు అని చెప్పిస్తాడు. ఇద్దరూ మారు మాట్లాడకుండా వెనుదిరుగుతారు. ఏరీస్‌ను రాయితో పడగొట్టిన దేవత తండ్రి కబురు ఒక్కటి వినగానే రథం తిప్పుకుంది. 34 అన్న అంకె ఏరీస్ ముందు తక్కువ, జ్యూస్ ముందు ఎక్కువ. ఒకే అంకె ఈ రెండింటికీ ఎలా సరిపోతుందన్నదే ఈ ఆట తయారుచేసినవారు వేసుకోని ప్రశ్న.

జ్యూస్ కార్డు మాత్రం ఎవరో శ్రద్ధగా చేశారు. బాహుబలం 10, ఆయుధం 10, యుక్తి 9, ఓర్మి 10, మొత్తం 39. ఎనిమిదవ సర్గ మొదట్లోనే అతడు దేవతలందరికీ ఒక సవాలు విసురుతాడు. ఆకాశం నుంచి బంగారు తాడు ఒకటి వేలాడదీసి దేవతలూ దేవతాస్త్రీలూ అందరూ కలిసి లాగినా తనను కిందికి దించలేరని, తాను తలుచుకుంటే భూమితో సముద్రంతో సహా వారందరినీ పైకి లాగి ఒలింపస్ శిఖరానికి కట్టి వేలాడదీయగలనని అంటాడు. ఎవరూ ఎదురు చెప్పరు. యుక్తిలో ఒక అంకె ఎందుకు తగ్గించారో కార్డు మీద రాయలేదు గాని, పద్నాలుగవ సర్గ గుర్తున్నవారికి కారణం చెప్పనక్కరలేదు. హీరా అలంకరించుకుని, ప్రేమదేవత అఫ్రొడైటీ దగ్గర మోహపరిచే పట్టీని అడిగి తెచ్చుకుని, నిద్రాదేవుడు హిప్నస్‌ను తన వైపు తిప్పుకుని, ఐడా పర్వతం మీద జ్యూస్‌ను నిద్రపుచ్చుతుంది. ఆ సమయంలో సముద్రదేవుడు పొసైడన్ గ్రీకుల పక్షాన యుద్ధం నడిపిస్తాడు. ఒలింపస్‌లో అతి బలవంతుడిని పడగొట్టింది ఈటె కాదు, ఒక పట్టీ. ఆ పట్టీ ఉన్న అఫ్రొడైటీకి ఈ ఆటలో మొత్తం 10 మాత్రమే ఇచ్చారు. డయోమిడీస్ ఈటె మొన మణికట్టు దగ్గర గీసుకోగానే కన్నకొడుకు ఈనియస్‌ను కూడా జారవిడిచి పారిపోయిన దేవతకు బాహుబలం 1 సబబే. కాని ఆయుధం గడిలో 2 వేసినవారు ఆ పట్టీని ఆయుధంగా లెక్కించలేదన్నమాట.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సామెత జ్యూస్‌కు కూడా వర్తిస్తుంది. ఒకసారి హీరా, పొసైడన్, అథీనా కలిసి అతన్ని బంధించాలని చూస్తే, సముద్రదేవత థెటిస్ వెళ్ళి నూరు చేతుల బ్రయారియస్‌ను పిలుచుకొచ్చింది. అతడు వచ్చి జ్యూస్ పక్కన కూర్చోగానే ముగ్గురూ వెనక్కి తగ్గారు. పోరాటం జరగలేదు, పక్కన ఎవరున్నారో చూశారు, అంతే. అపొల్లోడోరస్ పేరుతో మనకు దక్కిన పురాణకథల సంకలనంలో టైఫన్ అనే రాక్షసాకారం కథ ఇంకా దారుణంగా ఉంటుంది. సిరియాలోని కాసియస్ పర్వతం దగ్గర జ్యూస్ కొడవలి పట్టుకుని చేరువకు వెళితే, టైఫన్ అతన్ని చుట్టేసి, అదే కొడవలి లాక్కుని, చేతుల నరాలు కాళ్ళ నరాలు కోసి, భుజాన వేసుకుని సిలీషియాలోని కొరీకస్ గుహలో పడేస్తాడు. ఆ నరాలను ఎలుగుబంటి తోలులో దాస్తాడు. హెర్మీస్, ఈజిపాన్ అనే ఇద్దరు దేవతలు వాటిని దొంగిలించి తెచ్చి మళ్ళీ అమర్చాకే జ్యూస్ రథమెక్కి పిడుగులతో తరుముతాడు, చివరికి ఎట్నా పర్వతాన్ని టైఫన్ మీద పడవేస్తాడు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన కథలో ఈ నరాల ప్రసక్తే లేదు; అక్కడ జ్యూస్ ఒంటరిగా నూరు పాము తలల టైఫియస్‌ను (టైఫన్‌కే మరో పేరు) కాల్చి కూలుస్తాడు. ఒకే జంట, రెండు కథలు, రెండు రకాల పోరు. ఆటలో టైఫన్‌కు 31 ఇచ్చారు. హెసియడ్ ప్రకారం అది బాగానే ఉందనుకోవచ్చు, అపొల్లోడోరస్ ప్రకారం చాలా తక్కువ.

జ్యూస్ అన్నదమ్ముల విషయంలో నా అభ్యంతరం హేడీస్ మీద. అతనికి 35, పొసైడన్‌కు 34 ఇచ్చారు. పాతాళం అంటేనే భయం కాబట్టి దాని రాజు భయంకర యోధుడై ఉండాలని ఊహించారు కాబోలు. నిజానికి గ్రీకు కావ్యాల్లో హేడీస్ యుద్ధం చేయడం చాలా అరుదు. ఇరవయ్యవ సర్గలో దేవతలు రెండు పక్షాలుగా చీలి దిగినప్పుడు పొసైడన్ భూమిని కుదిపేస్తే, కింద హేడీస్ సింహాసనం మీంచి ఎగిరి లేచి కేకపెడతాడు. నేల చీలిపోయి తన చీకటి ఇళ్ళు దేవతలకూ మనుషులకూ బయటపడతాయేమోనని అతని బెదురు. హెసియడ్ వర్ణించిన టైఫియస్ యుద్ధంలోనూ కింద వణికినవారిలో అతడున్నాడు. మానవ వీరుడు హెరాక్లీస్ బాణం భుజంలో దిగబడితే వైద్యం కోసం ఒలింపస్‌కు ఎక్కి వెళ్ళాడు. అతని దగ్గరున్న గొప్ప సాధనం కనబడకుండా చేసే శిరస్త్రాణమే, దానిని కూడా మనకు దక్కిన గ్రీకు కథల్లో ఎక్కువగా ఇతరులే వాడుకున్నారు: ఏరీస్ మీద అథీనా, రాక్షసుల యుద్ధంలో హెర్మీస్. అతని గౌరవం బలం వల్ల వచ్చింది కాదు, వాటా వల్ల వచ్చింది. పదిహేనవ సర్గలో పొసైడన్ ఈ మాటే గట్టిగా చెబుతాడు. ముగ్గురన్నదమ్ములం చీట్లు వేసుకున్నాము, నాకు సముద్రం, హేడీస్‌కు చీకటి, జ్యూస్‌కు ఆకాశం వచ్చాయి, భూమి ఒలింపస్ అందరివీ అని వాదించి, చివరికి కోపంగానే తగ్గి సముద్రంలోకి వెళ్ళిపోతాడు. అతడు ఎదురు తిరగకపోవడమే మేలయిందని, లేకపోతే ఈ వ్యవహారం చెమట పట్టకుండా తేలేది కాదని జ్యూస్ తరువాత ఒప్పుకుంటాడు. జ్యూస్‌ను అంతగా ఆలోచింపజేసినవాడు హేడీస్ కంటే ఒక అంకె వెనుక ఉండటం అన్యాయం. పొసైడన్‌కు నగరాల విషయంలో మాత్రం అదృష్టం లేదు. ఆథెన్స్‌ను అథీనాకు, ఆర్గోస్‌ను హీరాకు వదులుకున్నాడు. ఆథెన్స్ కోసం జరిగిన పోటీని అక్కడి అథీనా గుడి పార్థెనాన్ పడమటి ముఖం మీద పెద్ద శిల్పాలుగా చెక్కారు, ఆ పని క్రీ.పూ. 432 నాటికి పూర్తయింది. అది ఆయుధాల పోరు కాదు, పొసైడన్ ఉప్పునీటి ఊటకూ అథీనా ఆలివ్ చెట్టుకూ మధ్య పోటీ.

అంకెలు పూర్తిగా తలకిందులైన చోటు హీరా, ఆర్టెమిస్ కార్డులు. ఆర్టెమిస్‌కు 28, హీరాకు 23. వేటదేవత చేతిలో విల్లు ఉంది కనుక ఆయుధం 9, రాణి చేతిలో ఏమీ లేదు కనుక ఆయుధం 3. ఇరవై ఒకటవ సర్గలో ఈ ఇద్దరి పోరు ఇలా జరుగుతుంది: హీరా ఎడమ చేత్తో ఆర్టెమిస్ రెండు మణికట్లూ కలిపి పట్టుకుంటుంది, కుడి చేత్తో ఆమె భుజం మీది విల్లును లాక్కుంటుంది, నవ్వుతూ ఆ విల్లుతోనే ఆమె చెవుల మీద బాదుతుంది. ఆర్టెమిస్ అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే అమ్ములపొదిలోని బాణాలు ఒక్కొక్కటిగా నేల మీద రాలిపడతాయి. డేగను చూసి రాతి సందులోకి దూరిన పావురంలా ఆమె ఏడుస్తూ పారిపోయి జ్యూస్ ఒడిలో కూర్చుంటుంది. ఎవరు కొట్టారమ్మా అని అతడు నవ్వుతూ అడుగుతాడు. ఈ ఘట్టం నేను చదివి వినిపించినప్పుడు మా వాడు తన చేతిలోని ఆర్టెమిస్ కార్డును కాసేపు తేరిపారా చూసి, "అయితే మావయ్యా, విల్లు దగ్గర నుంచి కొట్టడానికి పనికిరాదన్నమాట" అన్నాడు. అంతే సంగతి. దూరం ఎంత అన్న ప్రశ్న ఈ ఆటలో ఎక్కడా లేదు, అదే ఉంటే ఆ 9 దూరాన్ని బట్టి 9 గానూ 1 గానూ మారేది.

ఇదే సర్గలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అసలు జరగని రెండు పోరాటాలు. పొసైడన్ అపోలోను పిలిచి, మనిద్దరం ఒకప్పుడు ట్రాయ్ రాజు లావోమెడాన్‌కు కూలి చేసి మోసపోయినవాళ్ళం, అతని నగరం కోసం నువ్వెందుకు పోరాడుతున్నావు, రా, చిన్నవాడివి నువ్వే మొదలుపెట్టు అంటాడు. ఆకుల్లా చిగిర్చి రాలిపోయే మనుషుల కోసం నీతో పోరాడితే నాకు బుద్ధి లేనట్లే అని అపోలో పక్కకు తొలగుతాడు. అతడు పిరికివాడు కాదు. పదిహేనవ సర్గలో పిల్లవాడు ఇసుక గూడును కాలితో చెరిపేసినట్లు గ్రీకుల గోడను కూల్చినవాడు, పదహారవ సర్గలో గ్రీకు వీరుడు పాట్రొక్లస్ వీపు మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి కవచం ఊడిపోయేలా చేసినవాడు. హెర్మీస్ అయితే ఆర్టెమిస్ తల్లి లీటోను చూసి, జ్యూస్ భార్యలతో తగాదా నాకెందుకు, నన్ను బలంతో గెలిచానని నీ ఇష్టం వచ్చినట్లు దేవతల్లో చెప్పుకో అని హాయిగా తప్పుకుంటాడు. ఆమె కూతురి విల్లూ చెల్లాచెదరైన బాణాలూ ఏరుకుని వెళ్ళిపోతుంది. పోరాడకపోవడం కూడా ఒక ఎత్తుగడేనని తెలిసిన ఈ ఇద్దరికీ ఆటలో అలాంటి వెసులుబాటు లేదు, కార్డు పడిందంటే పోరాడి తీరాలి. మేము ఒక ఇంటి నియమం పెట్టుకున్నాము: అపోలో, హెర్మీస్ కార్డులు పడినప్పుడు అంకె పిలవక ముందే వాటిని ఒకసారి వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు రెండు కార్డులూ ఎవరి కట్ట అడుగుకు వాళ్ళవి చేరతాయి. ఆట ఐదారు నిమిషాలు పెరిగింది, కాని ఎదుటివాడు వెనక్కి తీసుకుంటాడా లేదా అన్న ఉత్కంఠ దేవతల స్వభావాన్ని అంకెల కంటే బాగా చూపించింది.

కమ్మరి దేవుడు హెఫైస్టస్‌కు 27 ఇచ్చారు, కుంటివాడు కనుక ఓర్మి 4 అట. తల్లి హీరాను కూర్చుంటే లేవలేని ఆసనంలో బంధించినవాడు, భార్య అఫ్రొడైటీతో పాటు ఏరీస్‌ను కంటికి కనబడనంత సన్నని వలలో పట్టి దేవతలందరికీ చూపించినవాడు, ట్రాయ్ ముందు స్కమాండర్ నదిని చేపలు గిలగిల్లాడేలా కాచి లొంగదీసినవాడు అతడే. ఒలింపస్ నుంచి విసిరివేస్తే పగలంతా పడుతూ సాయంత్రానికి లెమ్నోస్ దీవిలో పడి, ప్రాణాలతో లేచినవాడి ఓర్మి 4 ఎలా అవుతుంది?

ఈ పెట్టెలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది తోడు కార్డులను. వీటిని చేసినవారూ దేవతల అంకెలు వేసినవారూ వేర్వేరు మనుషులై ఉంటారని నా అనుమానం. బ్రయారియస్ తోడు కార్డు జ్యూస్ పక్కన పెడితేనే పూర్తి బలం ఇస్తుంది. ఒంటికన్ను కమ్మరులు సైక్లోప్స్ కార్డుకు మూడు వాడుకలు ఉన్నాయి: జ్యూస్‌కు పిడుగు, పొసైడన్‌కు త్రిశూలం, హేడీస్‌కు శిరస్త్రాణం, అపొల్లోడోరస్ చెప్పినట్లే. హెరాక్లీస్ కార్డు మరీ అందంగా కుదిరింది. రాక్షసుల యుద్ధంలో మానవుడి సాయం లేకుండా దేవతలు ఒక్క రాక్షసుడినీ చంపలేరన్న జోస్యం ఉంది కదా; ఆటలోనూ రాక్షసుల కార్డుల మీద గెలవాలంటే హెరాక్లీస్ ఎవరో ఒకరి పక్కన ఉండాలి. ఎఫియాల్టీస్ అనే రాక్షసుడి ఎడమ కంటిని అపోలో, కుడి కంటిని హెరాక్లీస్ బాణాలతో కొట్టిన కథను కార్డు బొమ్మలో చక్కగా వేశారు. పైన చెప్పిన జాడీ కథలోని ఎఫియాల్టీస్ వేరు, ఈ ఎఫియాల్టీస్ వేరు; ఆ తేడా వివరాల కాగితంలో సరిగ్గానే రాశారు.

ఈ రాక్షసుల్లో ఒకడైన అల్కియోనియస్ కార్డు ముందు నేను చాలాసేపు ఆగాను. తాను పుట్టిన పల్లీనీ నేల మీద ఉన్నంతసేపూ అతనికి చావు లేదు. హెరాక్లీస్ బాణంతో పడగొట్టినా నేల తగిలి మళ్ళీ లేచాడు. అథీనా సలహా మీద హెరాక్లీస్ అతన్ని పొలిమేర దాటేదాకా ఈడ్చుకెళ్ళాకే ప్రాణం పోయింది. స్థానబలిమి అన్న మాట మనకు కొత్త కాదు, దానిని ఆట నియమంగా మార్చిన తీరు మాత్రం నాకు కొత్త. అల్కియోనియస్ కార్డు ఎవరి ముందు పడితే వారి వైపు ఉన్నంతసేపు ఓడదు, తోడు కార్డుతో అవతలి వైపుకు "ఈడ్చితే" అంకెలన్నీ సున్నా అయిపోతాయి. ఈ ఒక్క కార్డు మీద పెట్టిన ఆలోచనను ఏరీస్ మీద, ఆర్టెమిస్ మీద కూడా పెట్టి ఉంటే ఈ సమీక్ష సగంలో ముగిసేది. ఈ కార్డు బొమ్మకు బెర్లిన్‌లో ఉన్న పెర్గమాన్ బలిపీఠపు శిల్పాలు ఆధారమని చూడగానే తెలుస్తుంది. క్రీ.పూ. రెండవ శతాబ్దంలో చెక్కిన ఆ 113 మీటర్ల శిల్పపంక్తిలో అథీనా రాక్షసుడి జుట్టు పట్టుకుని నేల నుంచి పైకి లాగుతుంటే, కింద నేలలోంచి అతని తల్లి భూదేవి గాయా చేతులెత్తి వేడుకుంటూ ఉంటుంది.

బొమ్మల్లో తప్పులూ ఉన్నాయి. టైటన్ క్రోనస్ చేతిలో కొడవలితో పాటు ఇసుక గడియారం పెట్టారు. కాలం అన్న అర్థం గల క్రోనోస్ అనే పేరుతో కలిపేయడం పాత పొరపాటే అయినా, యుద్ధబలాల ఆటలో అతనికి "కాలాన్ని ఆపే శక్తి" అని ఒక ప్రత్యేకత కట్టబెట్టడం మరీ అతి. క్రాకెన్‌కు ఒక కార్డు కేటాయించారు. అది ఉత్తర ఐరోపా నావికుల కథల్లోది, గ్రీకు సముద్రంలో దానికి పని లేదు. ఆ స్థానంలో రాత్రిదేవత నిక్స్ ఉండవలసింది. హిప్నస్ ఒకసారి జ్యూస్‌ను నిద్రపుచ్చి దొరికిపోయి, పారిపోయి ఆమె శరణు చొచ్చినప్పుడు, ఆమె మనసు నొప్పించడానికి వెనుకాడి జ్యూస్ తన కోపం దిగమింగుకున్నాడని పద్నాలుగవ సర్గ చెబుతుంది. 39 ఉన్నవాడు వెనుకాడిన దేవతకు ఎంత వేస్తారో చూడాలని నాకు నిజంగా కుతూహలంగా ఉంది.

వస్తువుగా చూస్తే కాగితం మందంగా ఉంది, అంచులు రెండు నెలల వాడకానికి నలగలేదు. ఎర్ర వలయంలో నల్ల అంకె మాత్రం రాత్రి దీపం కింద సరిగా కనబడదు. 6 ను 8 అనుకుని మేము రెండుసార్లు పట్టు తప్పుగా ఇచ్చుకున్నాము. పది దాటిన పిల్లలు ఎవరైనా ఆడవచ్చు, ముందుగా కథలు తెలిసి ఉండనక్కరలేదు. తెలిసినవారు పక్కన కూర్చుంటే మాత్రం ప్రతి పట్టుకూ ఒక తగాదా తప్పదు, మా ఇంట్లో ఆ తగాదాయే అసలు ఆట అయింది.

పెట్టెలో 48 కార్డులకు 47 మాత్రమే వచ్చాయి. లేనిది లీటో. దానితో హెర్మీస్‌కు పోరాడనని చెప్పడానికి కూడా ఎదురుగా ఎవరూ లేకపోయారు. అమ్మిన సంస్థకు రాస్తే వారం రోజుల్లో మర్యాదగా జవాబు, మరో వారానికి ఒక కవరు వచ్చాయి; కవరులో ఇంకొక ఏరీస్ ఉన్నాడు. మళ్ళీ రాయడానికి ఓపిక లేక, ఆ రెండవ ఏరీస్ మీద తెల్ల కాగితం అంటించి, మా వాడి చేత లీటో అని రాయించాను. నాలుగు గళ్ళలో ఏమేం వేయాలని అతను అడిగాడు. ఏమీ వేయవద్దన్నాను, హెర్మీస్ ఎలాగూ ఆమెతో పోరాడడు.